ఇంతకీ మా బాబుకు వచ్చిన న్యుమోనియా ఏ క్రిమి వల్ల?

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వారి 14 నెలల బాబుకు నాలుగు రోజులు జలుబు, దగ్గు ఉండి ఐదో రోజు రాత్రి ఆయాసం వచ్చింది. అంతకు ముందే ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు రోజులు సూదిమందు వేశాడు. ఆ తర్వాత హనుమకొండలో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు, అందులో మూడు రోజులు ఆక్సిజన్ మీద. ఎక్స్‌రేలో కుడివైపు కింద మచ్చ ఉందన్నారు. రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదు. ముక్కు నుంచి తీసిన నమూనాలో ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల శ్వాసనాళాలను పట్టే వైరస్), రైనో వైరస్ (మామూలు జలుబు తెచ్చేది) రెండూ ఉన్నాయని మరో రిపోర్టు వచ్చింది. అయినా యాంటీబయాటిక్ ఏడు రోజులు ఇచ్చారు. "ఒక డాక్టరు వైరస్ అన్నారు, ఇంకొకరు బ్యాక్టీరియా కూడా కావచ్చన్నారు. ఇన్ని వేలు పెట్టి పరీక్షలు చేయించినా ఏ క్రిమో తేల్చలేదు. వైరస్ అయితే యాంటీబయాటిక్ ఎందుకు? మళ్లీ వస్తుందా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, తనకు అంటుతుందా?" అని ఆయన అడిగారు. ఈ జిల్లాల పిల్లల వార్డుల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నవాణ్ని కాబట్టి కాస్త తీరికగానే జవాబు రాస్తున్నాను.

అయ్యా, ముందుగా మీకు నచ్చని మాట ఒకటి. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో చాలామందికి అది ఏ క్రిమి వల్ల వచ్చిందో ఎవరూ కళ్లతో చూసి చెప్పరు. అంచనా వేస్తారు. పిల్లవాడి వయసు, అది ఏ నెల, ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారు, టీకాల కార్డులో ఏమేం పడ్డాయి, స్టెతస్కోపులో ఏ చప్పుడు వినిపించింది, ఎక్స్‌రే ఎలా ఉంది, మూడో రోజుకు బిడ్డ తేరుకున్నాడా లేదా అన్నవన్నీ కలిపి వేసే లెక్క అది. మీ ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియదు అనుకోకండి. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. అది ఎలాగో వివరిస్తాను.

ఊపిరితిత్తిలో ఎవరున్నారో తేలాలంటే అక్కడి నుంచే నమూనా తీయాలి. పెద్దవాళ్లయితే కఫం ఉమ్ముతారు, డబ్బాలో పట్టి ల్యాబుకు పంపుతాం. పసివాళ్లు దగ్గి మింగేస్తారు. పక్కటెముకల మధ్య నుంచి సన్నని సూది గుచ్చి ఊపిరితిత్తి నుంచే చుక్క నీరు లాగి చూసే పద్ధతి ఒకటుంది. కొన్ని పరిశోధనల్లో అలా చేశారు, జవాబులూ బాగానే వచ్చాయి. కానీ ఊపిరి అందక ఎగశ్వాస పడుతున్న 14 నెలల బిడ్డకు మామూలు వార్డులో ఆ పని ఎవరూ చేయరు. ఇక మిగిలినవి రక్తం, ముక్కు. రెండూ దూరపు సాక్షులే.

రక్తం సంగతి చూద్దాం. న్యుమోనియా క్రిమి చాలా సార్లు ఊపిరితిత్తి దాటి రక్తంలోకి రాదు. వచ్చినా కొద్దిగా వస్తుంది. పసిపిల్లల నుంచి మనం తీయగలిగే రక్తం ఒకటి రెండు మిల్లీలీటర్లు. అందుకే మంచి ల్యాబుల్లోనూ న్యుమోనియా పిల్లల రక్తం కల్చర్లలో వందకు పది కూడా పెరగవు. ఇక ముందే యాంటీబయాటిక్ సూది పడి ఉంటే ఆ కొద్ది ఆశ కూడా పోయినట్టే. మీ ఊళ్లో రెండు రోజులు వేసిన మందు ఏమిటో మీకు తెలియదు, మీ డాక్టర్లకూ తెలిసి ఉండదు. ఈ విషయంలో నాకు పాత కోపం ఉంది. చీటీ ఉండదు, పేరు ఉండదు, "పవర్ మందు" అంటారు. ఆ సీసాలో తరచూ ఉండేది పెద్ద స్థాయి యాంటీబయాటిక్, దానికి తోడు స్టెరాయిడ్. జ్వరం ఒక పూట దిగుతుంది, ఇంట్లో వాళ్లు నిశ్చింతగా పడుకుంటారు, లోపల జబ్బు మాత్రం తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఇకమీదట ఎవరు ఏ సూది వేసినా ఖాళీ సీసా అడిగి తీసుకుని సంచిలో వేసుకోండి. ఆసుపత్రిలో మాకు అది సగం రిపోర్టుతో సమానం.

ముక్కు సంగతి ఇంకా గమ్మత్తైనది. వరంగల్ ఏనుమాముల మార్కెట్ గేటు దగ్గర ఒక పొద్దున నిలబడి చూడండి. మిర్చి బండ్లు, పత్తి బండ్లు, ఖాళీ ఆటోలు, చాయ్ తాగడానికి ఆగినవాళ్లు. లోపల ఫలానా కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు ఎవరిదో గేటు దగ్గర నిలబడినవాణ్ని చూసి చెప్పగలమా? ముక్కు నమూనా గేటు దగ్గరి హాజరు లాంటిది. పైగా ఆ నమూనాకు చేసే పీసీఆర్ పరీక్ష క్రిమి బతికి ఉందా అని అడగదు, దాని జన్యు పదార్థం ఉందా అని మాత్రమే అడుగుతుంది. జలుబు తగ్గి వారాలు గడిచినా రైనో వైరస్ ఆనవాళ్లు ముక్కులో దొరుకుతూనే ఉంటాయి. ఏ జబ్బూ లేకుండా ఆడుకుంటున్న పిల్లల ముక్కుల్లో కూడా దొరుకుతాయి.

ఈ చిక్కు విప్పడానికే 2011 నుంచి 2014 వరకు పెర్చ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఏడు దేశాలు: బంగ్లాదేశ్, థాయిలాండ్, ఆఫ్రికాలో గాంబియా, మాలి, కెన్యా, జాంబియా, దక్షిణాఫ్రికా. తీవ్రమైన న్యుమోనియాతో చేరిన నాలుగు వేలకు పైగా పిల్లలతో పాటు, అవే ఊళ్లలో న్యుమోనియా లేని ఐదు వేలకు పైగా పిల్లల నుంచి కూడా నమూనాలు తీశారు. నాకు ఆ అధ్యయనంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. జబ్బు పడ్డవాళ్ల ముక్కులో ఎంత ఉంది, పడనివాళ్ల ముక్కులో ఎంత ఉంది అని పక్కపక్కన పెట్టి చూస్తేనే దొంగ ఎవరో, దారిన పోయేవాడు ఎవరో తేలుతుంది. 2019లో ఫలితాలు వచ్చాయి. ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపించి, హెచ్‌ఐవీ లేని పిల్లల్లో 61 శాతానికి వైరస్‌లు, 27 శాతానికి బ్యాక్టీరియా, దాదాపు 6 శాతానికి క్షయ కారణమని లెక్క తేలింది. ఒక్క ఆర్‌ఎస్‌వీ వాటానే 31 శాతం. రైనో వైరస్ బాగుగా ఉన్న పిల్లల్లో కూడా విరివిగా కనిపించింది. ఆర్‌ఎస్‌వీ అలా కాదు, అది దొరికిందంటే చాలా వరకు జబ్బుకు కారణం అదే. కాబట్టి మీ బాబు రిపోర్టులో రెండు పేర్లున్నా నేను మొదటి పేరునే పట్టించుకుంటాను.

డబ్బు పెట్టినా తేల్చలేదని మీ బాధ. అమెరికాలో 2010-12 మధ్య మూడు నగరాల పిల్లల ఆసుపత్రుల్లో రెండు వేలకు పైగా న్యుమోనియా పిల్లలకు అందుబాటులో ఉన్న పరీక్షలన్నీ చేసి చూశారు. 66 శాతం మందిలో వైరస్ మాత్రమే, 8 శాతంలో బ్యాక్టీరియా మాత్రమే, 7 శాతంలో రెండూ దొరికాయి. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏమీ దొరకలేదు. వాళ్ల సరంజామాతో పోలిస్తే మనది ఏపాటిది?

ఇక ఆర్‌ఎస్‌వీ గురించి. 1956లో జలుబు చేసిన చింపాంజీల నుంచి దీన్ని మొదట వేరు చేశారు, మరుసటి ఏడే పసిపిల్లల్లోనూ ఇది ఉందని తేలింది. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా సోకుతుంది. మీకూ నాకూ సోకితే రెండు రోజులు ముక్కు కారి పోతుంది. పసిబిడ్డలో గాలి వెళ్లే చివరి సన్నని గొట్టాలు మొదటే దారమంత. వాటి లోపలి పొర వాచి, రాలిన కణాలు, చీమిడి కలిసి అడ్డం పడితే గాలి లోపలికి పోతుంది కానీ బయటికి రాదు. పిల్లికూతలు వినిపిస్తాయి. మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు ముదిరి ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. మీ బాబు కథ అచ్చం ఇదే: నాలుగు రోజుల జలుబు, ఐదో రోజు ఆయాసం, మూడు రోజుల ఆక్సిజన్. మా వార్డుల్లో వానలు ముదిరే నెలల నుంచి చలి మొదలయ్యే దాకా దీని హడావుడి ఎక్కువ. బతుకమ్మ, దీపావళి రోజుల్లో ఒక మంచానికి ఇద్దరు పిల్లలు పడుకున్న సంవత్సరాలు నాకు గుర్తున్నాయి. ఈ వైరస్‌ను చంపడానికి మనం మామూలుగా వాడే మందు ఏదీ లేదు. ఆక్సిజన్, ముక్కు శుభ్రం చేయడం, పాలు లేదా సెలైన్ తగ్గకుండా చూడడం, బిడ్డ అలసిపోతే గాలిని వేగంగా పంపే యంత్రం. మిగతా పని బిడ్డ ఒంటిదే.

వైరస్‌లలో ఇంకొందరున్నారు. ఫ్లూ మన దేశంలో ఏడాదికి రెండు విడతలు వస్తుంది, జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలం తర్వాత ఇంకోసారి. దీనికి ఒసెల్టమివిర్ అనే మందు ఉంది, తొందరగా మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఎడినో వైరస్ నాకు భయం పుట్టించేది. వారం రోజులు దిగని జ్వరం, రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పదార్థం) చూస్తే బ్యాక్టీరియా అనిపించేంత ఎక్కువ, కొందరిలో తగ్గాక కూడా ఊపిరితిత్తికి శాశ్వతంగా దెబ్బ మిగులుతుంది. 2025 జనవరిలో టీవీలు హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ వచ్చిందంటూ ఊరంతా హడలగొట్టాయి. అది కొత్తది కాదు, 2001లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు, అంతకు ఎన్నో దశాబ్దాల ముందు దాచిన రక్త నమూనాల్లోనూ దాని ఆనవాళ్లు దొరికాయి. మాకది పాత చుట్టమే.

ఇప్పుడు మీ రెండో డాక్టరుగారి మాటకు వద్దాం. బ్యాక్టీరియా కూడా కావచ్చని వారు ఎందుకన్నారు?

న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఎక్కడో బయటి నుంచి వచ్చి పడేది కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనక భాగంలో మామూలుగానే కాపురం ఉంటుంది. ఊరికే ఉంటుంది. వైరస్ వచ్చి శ్వాసనాళాల లోపలి పొరను గీరి, కఫాన్ని పైకి తోసే సన్నని నూగును పడగొట్టిందా, ఇది మెల్లగా కిందికి దిగుతుంది. 1918 నాటి ఫ్లూ మహమ్మారిలో చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని చివరికి తీసుకుపోయింది వైరస్ వెంట వచ్చిన ఇలాంటి బ్యాక్టీరియా న్యుమోనియాయే అని ఆనాటి ఊపిరితిత్తుల ముక్కలను మళ్లీ పరీక్షించినవాళ్లు చెప్పారు. అంటే తలుపు తీసేది ఒకరు, లోపలికి వచ్చేది ఇంకొకరు. మీ బాబులో ఆర్‌ఎస్‌వీ ఉందన్న మొదటి డాక్టరు మాట నిజం. దాని వెనక న్యుమోకాకస్ లేదని నిరూపించే పరీక్ష ఏదీ లేదన్న రెండో డాక్టరు అనుమానమూ నిజం.

క్రిమి పేరు తప్పుగా చెప్పడం ఈ జబ్బులో పెద్దపెద్దవాళ్లకే జరిగింది. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి ఫ్లూకు కారణం అదేనన్నాడు. నలభై ఏళ్ల తర్వాత, 1933లో, మనుషుల ఫ్లూ అసలు వైరస్ వల్ల వస్తుందని తేలింది. ఆ బ్యాక్టీరియాకు మాత్రం హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అన్న పేరు అలాగే ఉండిపోయింది. ఫ్లూకు కారణం కాకపోయినా అది మంచిదేమీ కాదు. దానిలో బి రకం, మేం హిబ్ అంటాం, పిల్లల్లో న్యుమోనియానూ మెదడు పొరల వాపునూ తెచ్చేది. నేను చదువుకునే రోజుల్లో ప్రతి వార్డులో దాని పేరు వినిపించేది. ఇప్పుడు 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో దాని మందు కలిపే ఉంటుంది. కొత్తగా చేరిన జూనియర్లలో కొందరు దాన్ని పుస్తకంలో తప్ప చూడలేదు. న్యుమోకాకస్ టీకా, అంటే పీసీవీ, ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి 2021లో దేశమంతటికీ తెచ్చింది. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలు, మూడు డోసులు. ప్రైవేటులో వేల రూపాయలు పెట్టి వేయించుకునే ఈ టీకా పల్లె దవాఖానాలో ఉచితంగా దొరుకుతున్నా కొందరు తల్లిదండ్రులు "ఉచితం కదా, మంచిది కాదేమో" అంటుంటారు. ఏం చెప్పాలో తోచదు.

స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది గంటల్లో ఆట మార్చేస్తుంది. ఎండాకాలంలో మన పిల్లలకు సెగ్గడ్డలు లేస్తాయి కదా, వాటిలోని చీము దీనిదే. ఏడాది లోపు బిడ్డ, ఒంటి మీద సెగ్గడ్డ, పొద్దున మామూలు దగ్గు, సాయంత్రానికి మాట లేకుండా మూలుగుతూ ఒళ్లు బూడిద రంగుకు తిరగడం... ఇలా వస్తే నేను రిపోర్టుల కోసం ఆగను. ఎక్స్‌రేలో గాలి బుడగలు కనిపిస్తాయి, అవి పగిలితే ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. ఛాతీలో చీము పట్టి గొట్టం వేయాల్సి వస్తుంది. మామూలు అమాక్సిసిలిన్ దీని మీద పనిచేయదు. బిడ్డను పరీక్షించేటప్పుడు డాక్టరు చొక్కా, లాగు అన్నీ విప్పి ఒళ్లంతా చూస్తున్నాడంటే వెతికేది ఇలాంటివాటినే.

బడి వయసు పిల్లల్లో, ముఖ్యంగా గురుకులాలు, హాస్టళ్లలో, వేరే రకం కనిపిస్తుంది. మూడు వారాల పొడి దగ్గు, తక్కువ జ్వరం, పిల్లవాడు తన కాళ్ల మీద నడిచి వస్తాడు, ఎక్స్‌రే చూస్తే పిల్లవాడి కన్నా జబ్బుగా ఉంటుంది. అది మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడను దెబ్బతీసి చంపుతాయి. దీనికి గోడే లేదు. అందుకే అమాక్సిసిలిన్ ఎంత వేసినా చలించదు, అజిత్రోమైసిన్ లాంటివి కావాలి. అలాగని ప్రతి దగ్గుకూ అజిత్రోమైసిన్ మింగించే అలవాటు మనవాళ్లకు వచ్చింది, అది మరో తలనొప్పి. మీ 14 నెలల బాబుకు ఇది వచ్చే అవకాశం తక్కువ.

క్షయ దగ్గర నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రెండేళ్ల పాపకు పదిహేను రోజులు మూడు రకాల యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి ఇచ్చాను. ఎక్స్‌రేలో మచ్చ కదలలేదు. పాపను చూడడానికి వచ్చిన తాత వార్డు గుమ్మం దగ్గర నిలబడి ఎడతెగకుండా దగ్గుతుంటే అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. ఆయన కఫంలో క్షయ తేలింది, ఆ తర్వాత పాపలోనూ. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉందా అన్న ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే ఆ పాపకు అన్ని సూదులు తప్పేవి. పిల్లలు కఫం మింగుతారు కాబట్టి పరగడుపున ముక్కు గొట్టం ద్వారా కడుపులోంచి నీరు తీసి క్షయ క్రిమిని పట్టే సీబీనాట్ యంత్రంలో పరీక్షిస్తాం. ఈ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా అలాంటి దగ్గు ఉంటే మొహమాటపడకుండా మీ డాక్టరుకు చెప్పండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నెలలోపు పసికందుల్లో లెక్క వేరు, ఈకోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా తల్లి నుంచో పుట్టిన చోటి నుంచో వస్తాయి. రెండు మూడు నెలల బిడ్డ జ్వరం లేకుండా దగ్గి దగ్గి నీలంగా మారితే కోరింత దగ్గును తలచుకోవాలి. తట్టు పోసిన పిల్లలకు దాని వెంట వచ్చే న్యుమోనియా ప్రాణాంతకం, వాళ్లకు విటమిన్ ఎ తప్పక ఇస్తాం. ములుగు, భూపాలపల్లి అడవి అంచు ఊళ్ల నుంచి వారం రోజుల జ్వరం, ఆయాసంతో వస్తే ఒంటి మీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని పొక్కు ఉందా అని వెతుకుతాం. కంటికి ఆనని చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ ఊపిరితిత్తులనూ పట్టగలదు. బాగా బక్కచిక్కిన పిల్లల్లో జ్వరం కూడా రాకుండా జబ్బు ముదురుతుంది, వాళ్ల విషయంలో మేం తొందరపడతాం.

ఇంకొక రకం గురించి డాక్టర్లు సాధారణంగా పెదవి విప్పరు. ఆసుపత్రిలో చేరిన 48 గంటల తర్వాత కొత్తగా వచ్చే న్యుమోనియా. ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు, మా దగ్గర అంటుకున్నది. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్ అనేవి వెంటిలేటర్ గొట్టాల మీద, సింకుల్లో, మా చేతుల మీద బతుకుతాయి, చాలా మందులకు లొంగవు. మంచం మారేటప్పుడు చేతులు కడుక్కున్నారా అని డాక్టరునైనా నర్సునైనా అడిగే హక్కు మీకుంది. పది మంది బంధువులు పండ్లతో వచ్చి బిడ్డ బుగ్గలు పుణికి వెళ్లడాన్ని ఆపే బాధ్యత కూడా మీదే.

ఇప్పుడు మీ బాబు. దూరం నుంచి చెబుతున్న మాటగానే తీసుకోండి. వయసు, కాలం, జబ్బు నడిచిన తీరు, ముక్కు రిపోర్టు చూస్తే ఆర్‌ఎస్‌వీ ముఖ్య కారణమని నా అంచనా. కుడివైపు మచ్చ బ్యాక్టీరియాది కావచ్చు, లేదా చీమిడి ముద్ద ఒక గొట్టానికి అడ్డం పడి ఆ భాగం ముడుచుకుపోవడమూ కావచ్చు, ఎక్స్‌రేలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఆక్సిజన్ కావలసినంత జబ్బుగా ఉన్న బిడ్డకు, ముందే ఏవో సూదులు పడ్డ బిడ్డకు, మొదటి రోజు యాంటీబయాటిక్ మొదలుపెట్టడం సరైనదే. నేనైనా అదే చేసేవాణ్ని. మూడో రోజు ముక్కు రిపోర్టు చేతికి వచ్చి, జ్వరం తగ్గి, పిల్లికూతలే మిగిలి ఉంటే ఆపేయవచ్చా అని ఆలోచించేవాణ్ని. మీ డాక్టర్లు ఆపలేదు, ఆ మచ్చ వారిని ఆపనివ్వలేదేమో. తీవ్రమైన న్యుమోనియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఐదు రోజులు ఇవ్వమంటుంది. ఏడు రోజులు ఇచ్చారు కాబట్టి దానిని మోసమని అనలేను. ఆ ముక్కు పరీక్ష విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. చికిత్సను మార్చని రిపోర్టుకు అన్ని వేలు ఎందుకు?

మళ్లీ వస్తుందా? ఆర్‌ఎస్‌వీ మళ్లీ సోకుతుంది, దానికి శాశ్వత రక్షణ ఏర్పడదు, కానీ వయసు పెరిగే కొద్దీ గొట్టాలు వెడల్పవుతాయి, జబ్బు తేలికవుతుంది. దగ్గు ఇంకో రెండు మూడు వారాలు ఉండవచ్చు, దానికి కంగారుపడి కొత్త మందులు వద్దు. రాబోయే ఏడాది రెండేళ్లలో జలుబు చేసినప్పుడల్లా కొంచెం పిల్లికూతలు రావచ్చు. బిడ్డ తింటూ ఆడుకుంటుంటే మళ్లీ ఎక్స్‌రే అక్కర్లేదు. ఏడాదిలో రెండోసారి న్యుమోనియా వస్తే, అందులోనూ అదే కుడివైపు వస్తే అప్పుడు వెతకాలి: ఎప్పుడైనా మింగబోయి ఊపిరిగొట్టంలోకి జారిన పల్లీ గింజ, గుండెలో రంధ్రం, క్షయ, రోగనిరోధక శక్తి లోపం.

పాపకు అంటుతుందా అని అడిగారు. బహుశా పాపే తెచ్చి ఉంటుంది! అంగన్‌వాడీ నుంచో బడి నుంచో ముక్కు కారుతూ వచ్చి తమ్ముణ్ని ముద్దుపెట్టుకుని ఉంటుంది. అంటేది వైరస్, న్యుమోనియా కాదు. ఆమె వయసులో అది జలుబుగానే పోతుంది. పాపను తిట్టకండి, చేతులు కడిగించండి, చాలు.

ఇంట్లో రెండు అలవాట్లు ఉంటే మానండి. బిడ్డకు స్నానం చేయించాక ముక్కులో నూనె చుక్కలు వేయడం ఒకటి. ఆ నూనె ఊపిరితిత్తిలోకి దిగి తానే ఒక రకం న్యుమోనియా తెస్తుంది, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. రెండోది గది నిండా సాంబ్రాణి పొగ. కట్టెల పొయ్యి వంటగదిలో బిడ్డను చంకనెత్తుకుని వండడమూ అంతే.

మన అమ్మమ్మలు "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటారు. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోవడం. న్యుమోనియాను గుర్తుపట్టడానికి ఆరోగ్య కార్యకర్తలకు నేడు నేర్పే గుర్తుల్లో ఇదొకటి. లక్షణాన్ని అమ్మమ్మలు సరిగ్గానే పట్టారు, తప్పిందల్లా మందు దగ్గరే. ఏటూరునాగారం దాటి లోపలి ఊరి నుంచి పొట్ట మీద కాల్చిన వాతలతో వచ్చిన బిడ్డలను నేను చూశాను. వాతల వల్ల పోయింది రెండు రోజుల కాలం, కొందరికి ఆ రెండు రోజులే ప్రాణం. ఇప్పుడు బాగా తగ్గాయి. డొక్కలు కనిపిస్తే నేరుగా 108కు ఫోను చేయండి. అంతకు ముందే పసిగట్టాలంటే, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోనులో గడియారం పెట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కించండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా డాక్టరు చూడాలి. మీ బాబుకు 40. ఏడుస్తున్నప్పుడు లెక్కించకండి, అది లెక్కకు రాదు. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, ఫిట్స్, లేపినా లేవని మగత కనిపిస్తే లెక్కలతో పని లేదు, బయలుదేరండి. పల్స్ ఆక్సిమీటర్ ఉంటే 90 కన్నా తక్కువ చూపినప్పుడు ఆక్సిజన్ వెంటనే కావాలి. క్రిమి పేరు మర్నాడు మాట్లాడుకోవచ్చు.

చివరగా, బాబు టీకాల కార్డు తీసి 9 నెలల గడి చూడండి. అక్కడ తట్టు టీకా తేదీ పక్కన పీసీవీ మూడో డోసు తేదీ కూడా ఉండాలి. చాలామందికి మొదటి రెండు పడి ఇది మిగిలిపోతోంది. లేకపోతే ఇప్పుడైనా వేస్తారు. బుధవారం గానీ శనివారం గానీ మీ ఊరి ఏఎన్ఎం దగ్గరికి వెళ్లండి, పాప కార్డు కూడా వెంట తీసుకెళ్లండి.